తాను ఎంచుకున్న గీత

2020 ఆగస్టు 5న పోలండ్‌లోని కటోవిట్సె నగరంలో 'టూర్ ఆఫ్ పోలండ్' సైకిల్ పందెం మొదటి రోజు ముగింపుకొచ్చింది. చివరి రోడ్డు పల్లం. గుంపు గంటకి దాదాపు ఎనభై కిలోమీటర్ల వేగంతో గమ్యరేఖ మీదికి దిగుతోంది. అందరికంటే ముందు నెదర్లాండ్స్‌కి చెందిన డైలన్ గ్రూనెవేగన్. అతనికీ బారికేడ్లకీ మధ్య ఉన్న సందులోంచి ముందుకి రాబోతున్నవాడు అదే దేశానికి చెందిన ఫాబియో యాకబ్సన్. గ్రూనెవేగన్ సైకిల్ తిన్నగా పోకుండా బారికేడ్ల వైపు జరిగింది. సందు మూసుకుపోయింది. యాకబ్సన్ బారికేడ్ల మీదికి ఎగిరిపడ్డాడు. అవి అతన్ని ఆపలేదు, ఊడిపోయి చెల్లాచెదరయ్యాయి. గమ్యరేఖ దగ్గర నిలబడ్డ పందెం అధికారి ఒకరు కూడా గాయపడ్డారు. మొదట రేఖ దాటిన గ్రూనెవేగన్ కూడా పడ్డాడు, అతని కాలర్ బోన్ విరిగింది.

యాకబ్సన్‌ని వైద్యులు కృత్రిమ కోమాలో ఉంచి గంటల తరబడి శస్త్రచికిత్స చేశారు. ముఖానికి 130 కుట్లు పడ్డాయి. పళ్ళు పోయాయి, దవడ ఎముక కొంత పోయింది. ఆ తర్వాతి నెలల్లో తుంటి ఎముకలోంచి ముక్క తీసి దవడ కట్టారు. గ్రూనెవేగన్‌ని ఆ రోజే అనర్హుణ్ణి చేసి, ఐదువందల స్విస్ ఫ్రాంకుల జరిమానా వేసి, ఆస్పత్రిలో ఉన్న యాకబ్సన్‌ని విజేతగా ప్రకటించారు. నవంబరులో అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ గ్రూనెవేగన్‌ని 2021 మే 7 వరకు, అంటే ప్రమాదం జరిగిన నాటి నుంచి తొమ్మిది నెలలు, పందేల నుంచి నిషేధించింది. అంతకుముందే యాకబ్సన్ జట్టు అధిపతి పాట్రిక్ లెఫెవెర్ ఇది నేరమనీ, జైల్లో పెట్టదగ్గ పని అనీ అన్నాడు. గ్రూనెవేగన్ ఇంటికి హత్యా బెదిరింపులు వచ్చాయి. అతని సహచరి అప్పుడు గర్భవతి. పుట్టబోయే బిడ్డను కూడా వదలకుండా బెదిరించారు. కొంతకాలం ఆ ఇంటికి పోలీసు రక్షణ అవసరమైంది.

స్త్రీల రచనల గురించి రాసుకునే ఈ పేజీల్లో మగవాళ్ళ సైకిల్ పందెం ఎందుకని అనిపించవచ్చు. పిహెచ్.డి. రాసే రోజుల్లో జూలై నెల రాత్రిళ్ళు తొమ్మిది గంటలకి టీవీలో టూర్ డి ఫ్రాన్స్ ముగింపు చూడటం నాకు అలవాటైంది. పుస్తకాలు మూసేశాక బుర్రకి విశ్రాంతి అనుకునేదాన్ని. కటోవిట్సె తర్వాత ఆ విశ్రాంతి పోయింది. ఇతరులతో కలిసి వాడుకోవలసిన చోటులో ఒక మనిషి తన శరీరాన్ని ఎలా కదిలించాలి? ఆ కదలిక వల్ల ఇంకొకరికి దెబ్బ తగిలితే దేన్ని చూసి తీర్పు చెప్పాలి, ఉద్దేశాన్నా, ఫలితాన్నా, చేసిన పనినా? ఈ ప్రశ్నల చుట్టూ స్త్రీవాదులం ఎన్నో ఏళ్ళుగా తిరుగుతున్నాం. అవే ప్రశ్నలు మనకి సంబంధం లేదనుకున్న చోట, మన పదజాలం ఏదీ లేకుండా, చాలా నగ్నంగా కనపడ్డాయి నాకు.

ముందు స్ప్రింట్ అంటే ఏమిటో చెప్పాలి. రెండొందల కిలోమీటర్ల పందెంలో ముందు సైకిల్ వెనక నక్కి తొక్కేవాడికి గాలి తగలదు, చాలా శ్రమ కలిసొస్తుంది. అందుకని స్ప్రింటర్‌ని చివరి దాకా గాలికి ఎదురుపడకుండా అతని జట్టువాళ్ళు ముందు నడుస్తారు. నీళ్ళ సీసాలు మోసేదీ, గాలిని చీల్చేదీ, అవసరమైతే తమ చక్రం ఊడదీసి ఇచ్చేదీ వాళ్ళే. వాళ్ళని ఫ్రెంచిలో 'దొమెస్తీక్' అంటారు, ఇంటి పనివాళ్ళు అనే అర్థంలో. ఈ మాట మొదటిసారి విన్నప్పుడు నవ్వొచ్చింది. కనిపించని చాకిరీకి ఏ భాషయినా ఇంటినుంచే పేరు తెచ్చుకుంటుంది కాబోలు. చివరి రెండొందల మీటర్ల దగ్గర ఒక్కొక్కరే పక్కకి తప్పుకుంటారు, స్ప్రింటర్ ఒక్కడే మిగులుతాడు. అయిదారుగురు మనుషుల ఆ రోజు కష్టమంతా అప్పటినుంచి పది పన్నెండు సెకన్లలో అతని కాళ్ళ మీద ఉంటుంది. ఆ క్షణంలో బ్రేక్ పట్టుకోవడమంటే వాళ్ళందరి కష్టాన్నీ నేలపాలు చేయడం. ప్రమాదకరమైన స్ప్రింట్‌ని ఒక మనిషి పొగరుగా మాత్రమే చూసేవాళ్ళు ఈ సంగతి మరచిపోతారు.

ఆ పది సెకన్లకి యూసీఐ నిబంధన ఒకటి ఉంది. స్ప్రింట్ మొదలుపెట్టినప్పుడు తాను ఎంచుకున్న దారినుంచి పక్కకి జరిగి ఇతరులకి ప్రమాదం కలిగించకూడదని దాని సారాంశం. సైక్లింగ్ వాళ్ళు దీన్ని 'లైన్' అంటారు. నేను గీత అంటాను. ఈ నిబంధనలో రెండు విషయాలు నన్ను ఆకర్షించాయి. ఒకటి, ఇది మనసులో ఏముందని అడగదు, గీతలో ఉన్నావా లేదా అని అడుగుతుంది. రెండు, ఆ గీత ఇంకెవరో గీసింది కాదు, తొక్కేవాడు తనకి తాను ఎంచుకున్నది.

ఇక్కడే నా మొదటి చిక్కు. గీత తప్పడం అరుదైన విషయం కాదు. స్ప్రింట్లు చూసేవాళ్ళందరికీ తెలుసు. తల వంచుకుని, ఉన్న శక్తంతా పెట్టి తొక్కుతున్నప్పుడు సైకిల్ ఒక పక్కకి పోతుంది. కొన్నిసార్లు తెలిసే పోనిస్తారు. పక్కవాడు బ్రేక్ పట్టుకుంటాడు, చెయ్యెత్తి అరుస్తాడు. న్యాయనిర్ణేతలు చూస్తే గీత తప్పినవాడిని ఆ గుంపులో ఆఖరి స్థానానికి దించుతారు, కొద్దిగా జరిమానా వేస్తారు. మర్నాడు అందరూ మళ్ళీ కలిసి తొక్కుతారు. కటోవిట్సెలో గ్రూనెవేగన్ చేసిన పని, పనిగా చూస్తే, ఈ రకం పనే. తేడా అంతా తర్వాత జరిగినదాంట్లో ఉంది. పక్కవాడికి బ్రేక్ పట్టుకునే వ్యవధి లేకపోవడం, రోడ్డు పల్లం కావడం, బారికేడ్లు ఊడిపోవడం. వీటిలో ఏ ఒక్కటి మారినా ఆఖరి స్థానంతో సరిపోయేది. అంటే తొమ్మిది నెలల్లో ఎంత భాగం గీత తప్పినందుకు, ఎంత భాగం యాకబ్సన్ ముఖానికి?

తత్త్వశాస్త్రంలో దీన్ని నైతిక అదృష్టం అంటారు. 1976లో బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నేగెల్ ఈ మాటని చర్చకి పెట్టారు. ఇద్దరు డ్రైవర్లు ఒకేలా అజాగ్రత్తగా ఉంటారు. ఒకడి బండికి పిల్లవాడు అడ్డం వస్తాడు, రెండోవాడి బండికి ఎవరూ రారు. చేసిన తప్పు ఒకటే అయినా మొదటివాడిని హంతకుడంటాం, రెండోవాడిని ఏమీ అనం. మన చేతిలో లేనిదాన్ని బట్టి మనల్ని తూచడం అన్యాయం కదా అని బుద్ధి అంటుంది. అయినా అలా తూచకుండా ఉండలేం. విలియమ్స్ ఇంకో మెట్టు ముందుకెళ్ళాడు. ఏ తప్పూ లేకుండానే పిల్లవాడిని గుద్దిన లారీ డ్రైవరు బాధ, పక్కన నిలబడి చూసినవాడి బాధలాంటిది కాదన్నాడు. జరిగింది నా చేతిమీదుగా జరిగింది అనే ఆ బాధని ఏ కోర్టు తీర్పూ పోగొట్టదు. ఆ డ్రైవరు నా తప్పు లేదుగా అని దులిపేసుకుంటే మనకి అతనంటే భయం వేస్తుంది కూడా.

మన భాషలో ఈ సమస్యకి ఒక పాత పరిష్కారం ఉంది. ముల్లు వచ్చి అరిటాకు మీద పడ్డా, అరిటాకు వచ్చి ముల్లు మీద పడ్డా నష్టం అరిటాకుకే. ఆడపిల్లగా పుట్టినవాళ్ళం ఈ సామెత ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. చాలాకాలం దీన్ని స్త్రీల మీద ఆంక్షగానే చదివాను. ఇప్పుడు చూస్తే ఇది బాధ్యత అనే ప్రశ్ననే చెరిపేసే సామెత. నష్టం ఎవరికో తెలిసిపోయింది కాబట్టి ఎవరు కదిలారు, ఎటు కదిలారు అనేది అడగనక్కర్లేదు. ముల్లుకి స్వభావం తప్ప బాధ్యత లేదు. జాగ్రత్త అంతా ఆకుదే. బారికేడ్ల వైపు సందులోకి యాకబ్సన్ ఎందుకు వెళ్ళాలి అనే మాట, స్ప్రింటర్ అన్నాక పడక తప్పదు అనే మాట, ఈ సామెతకి దూరపు చుట్టాలు.

నేను పనిచేసిన ఒక కళాశాలలో లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీలో రెండేళ్ళు సభ్యురాలిగా ఉన్నాను. అక్కడి వివరాలు బయట చెప్పకూడనివి, చెప్పను. అక్కడ పదేపదే విన్న రెండు మాటలు మాత్రం చెప్తాను. మొదటిది, "నాకా ఉద్దేశం లేదండీ మేడమ్." రెండోది మనలో పెద్దవాళ్ళనే మాట, "పోనీలేమ్మా, ఇప్పుడేం జరిగిపోయిందని?" మొదటిది ఉద్దేశం చూపించి తప్పించుకునే మాట, రెండోది ఫలితం లేదని చూపించి తప్పించే మాట. ఈ రెంటి మధ్య అసలు చేసిన పని మాయమయ్యేది. 1997 నాటి విశాఖ తీర్పు, ఆ తర్వాత 2013 చట్టం, అవతలి మనిషికి ఇష్టం లేని ప్రవర్తన అనే కొలతని ఎందుకు పెట్టాయో ఆ గదిలో కూర్చున్నాక నాకు బాగా అర్థమైంది. నీ మనసులో ఏముందో మాకక్కర్లేదు, నీ కదలిక ఆమె చోటులోకి వచ్చిందా లేదా చెప్పు అని ఆ కొలత అడుగుతుంది.

వేధింపునీ స్ప్రింట్‌నీ నేను ఒకే గాటన కట్టడం లేదు. పందెంలోకి వచ్చినవాళ్ళు ఆ ప్రమాదంలో కొంతని తెలిసి ఒప్పుకుని వస్తారు, భుజాలు రాసుకోవడం వాళ్ళ పనిలో భాగం. కళాశాలకి చదువుకోవడానికి వచ్చిన అమ్మాయి ఏ ప్రమాదానికీ ఒప్పుకుని రాదు. అయినా కమిటీలో నేర్చుకున్న పాఠం ఒకటి పందెం చూసేటప్పుడు పనికొచ్చింది. నెత్తురు కనపడితేనే తప్పు అనే న్యాయం, నెత్తురు కనపడని వంద తప్పులకి అనుమతి పత్రం. పెద్ద గాయం జరిగినప్పుడు ఒకడిని పట్టుకుని తొమ్మిది నెలలు వెలేయడం, మిగిలిన రోజుల్లో "ఇప్పుడేం జరిగిపోయిందని" అనడం ఒకే నాణేనికి రెండు వైపులు.

ఫలితం చూసి తీర్పు చెప్తే ఇంకో ప్రమాదం కూడా ఉంది. గాయం ఎంత పెద్దదైతే దోషి కోసం తొందర అంత పెరుగుతుంది. 2017 జూలై 4న వీటెల్‌లో టూర్ డి ఫ్రాన్స్ నాలుగో రోజు మార్క్ కావెండిష్ బారికేడ్లకి కొట్టుకుని పడ్డాడు, భుజం ఎముక విరిగింది. ముందున్న పీటర్ సగాన్ మోచెయ్యి బయటికి చాచి ఉండటం టీవీలో అందరికీ కనిపించింది. ఆ సాయంత్రమే సగాన్‌ని టూర్ నుంచి పంపేశారు. నెమ్మదిగా చూసిన చిత్రాల్లో, మోచెయ్యి లేచేసరికే కావెండిష్ పడిపోతున్నాడేమో అనే సందేహం బలపడింది. విషయం క్రీడల మధ్యవర్తిత్వ న్యాయస్థానం దాకా వెళ్ళి, డిసెంబరులో రాజీతో ముగిసింది. అది దురదృష్టకరమైన, ఉద్దేశపూర్వకం కాని సంఘటన అని ఒప్పుకున్నారు. 2018 నుంచి వీడియో చూసి సాయపడే న్యాయనిర్ణేతని నియమిస్తామన్నారు. సగాన్‌కి ఆ టూర్ మాత్రం తిరిగి రాలేదు.

నాకు ఇక్కడ మోచెయ్యి ముఖ్యం. అది దురుసుతనానికి గుర్తులా కనపడుతుంది. పక్కకి జరిగిన చక్రం అలా కనపడదు, అది కేవలం జ్యామితి. మన కళ్ళు దురుసుతనం బొమ్మని వెతుక్కుంటాయి, అది దొరికితే కారణం దొరికిందనుకుంటాయి. దుర్మార్గుడి ముఖం దొరికేదాకా హింస జరిగిందని నమ్మని సమాజంలో బతుకుతున్నాం కాబట్టి ఈ అలవాటు మనకి బాగా తెలుసు. మర్యాదస్తుడి చక్రం ఎటు జరిగిందో ఎవరూ చూడరు.

ఈ తగాదా ఒకసారి కోర్టుకీ ఎక్కింది. 1988లో బెల్జియంలోని రాన్స పట్టణంలో జరిగిన ప్రపంచ పోటీ ముగింపులో కెనడాకి చెందిన స్టీవ్ బావర్, స్వదేశంలో ఆడుతున్న క్లోద్ క్రికియెలియోన్ దారికి అడ్డం వచ్చాడు. క్రికియెలియోన్ బారికేడ్లకి తగిలి పడ్డాడు. వెనకనుంచి ఇటలీవాడు ఫోండ్రియెస్ట్ వచ్చి గెలిచాడు. బావర్‌ని అనర్హుణ్ణి చేశారు. క్రికియెలియోన్‌కి అది చాలలేదు. దాడి చేశాడని కేసు పెట్టి, పోయిన ప్రపంచ బిరుదుకి పరిహారం అడిగాడు. కేసు మూడేళ్ళకి పైగా నడిచి బావర్‌కి అనుకూలంగా తేలింది. కోర్టు భాషకి దాడి కావాలి, దాడికి ఉద్దేశం కావాలి. గీత తప్పడం అనే తప్పుకి ఆ భాషలో చోటు దొరకలేదు.

మరి ఆ తప్పు ఏ రకం తప్పు? ఈ ప్రశ్నకి నాకు దారి చూపించినది స్త్రీవాద తాత్త్వికురాలు ఆనెట్ బేయర్. 1986లో నమ్మకం గురించి రాసిన వ్యాసంలో ఆవిడ, నీతిశాస్త్రం సమానులైన, అపరిచితులైన మగవాళ్ళ మధ్య ఒప్పందాన్నే నమూనాగా పెట్టుకుని నమ్మకం గురించి దాదాపు మరచిపోయిందని వాదించారు. నమ్మడమంటే నాకు హాని చేయగల స్థితిలో ఇంకొకరిని ఉండనివ్వడం. పసిపిల్లలు, రోగులు, పక్కపక్కన బతికేవాళ్ళు అందరూ ఇలాగే బతుకుతారు. గంటకి ఎనభై కిలోమీటర్ల వేగంతో ఇంకొకరి చక్రానికి జానెడు దూరంలో తన చక్రం పెట్టేవాడి స్థితి అంతకంటే వేరు కాదు. అతని చేతిలో ఉన్నది ఒక్కటే. ముందువాడు ఎటు పోతాడో ఊహించగలగడం. ముందువాడు ఎంచుకున్న గీత వెనకవాడికి ఇచ్చిన మాటలాంటిది. నోటితో చెప్పని మాట, చెప్పే వ్యవధి లేని మాట. గీత తప్పడం ఆ మాట తప్పడం. అది దాడి కాదు, అలాగని దురదృష్టమూ కాదు.

ఇలా రాస్తుంటే నాకే ఇబ్బందిగా ఉంది. గీత అనే మాటతో మనకి సుఖమైన సంబంధం లేదు. వాల్మీకంలో లేని లక్ష్మణరేఖని మన ఇళ్ళలో ప్రతి గుమ్మం ముందూ గీశారు. గీత దాటడం మన కవిత్వంలో, కథల్లో విముక్తికి మరోపేరు. అలాంటప్పుడు గీతలో ఉండటాన్ని నీతి అని ఎలా అనను? సమాధానం నిబంధన మాటల్లోనే దొరికింది. లక్ష్మణరేఖ ఇంకొకరు గీసింది. దాని పని ఆమెని కదలకుండా ఉంచడం. దాటితే నష్టపోయేదీ ఆమే, నింద పడేదీ ఆమే. ఆ సామెతలో అరిటాకులా. స్ప్రింటర్ గీతని అతనే ఎంచుకున్నాడు, ఎంత వేగంగా కావాలంటే అంత వేగంగా పోవచ్చు. తప్పితే నష్టపోయేది పక్కవాడు. మొదటి గీత బలహీనుల మీద పెట్టిన ఆంక్ష. రెండో గీత వేగం ఉన్నవాడు తన మీద తాను పెట్టుకున్న బాధ్యత. మొదటిదాన్ని చెరపడంలో మునిగిపోయి రెండోదాని గురించి మనం తక్కువ మాట్లాడామేమో.

ఇది మగవాళ్ళ స్వభావం గురించిన వ్యాసం కాదని చెప్పడానికి ఇంకో పందెం గుర్తుచేస్తాను. 2019 ఆగస్టు 3న లండన్‌లో రైడ్ లండన్ క్లాసిక్ అనే మహిళల పందెంలో కిర్‌స్టెన్ విల్డ్ మొదట గమ్యరేఖ దాటింది. స్ప్రింట్‌లో జరిగిన ప్రమాదానికి ఆమె కారణమని తేల్చి గెలుపు తీసేసి, లొరేనా వీబెస్‌కి ఇచ్చారు. స్త్రీలకి పురుషులతో సమానమైన బహుమతి ఇస్తూ పేరు తెచ్చుకున్న పందెం అది. ఆడపిల్లలు తమ శరీరాన్నీ తమ చుట్టూ ఉన్న చోటునీ పూర్తిగా వాడుకోకుండా పెరుగుతారని ఐరిస్ మారియన్ యంగ్ 1980లో రాసిన ప్రసిద్ధ వ్యాసం మనలో చాలామంది చదివిందే. ఆ అలవాటుని పూర్తిగా వదిలించుకున్న శరీరాలు వీళ్ళవి. భుజం అడ్డంపెట్టి చోటు గెలుచుకునే ఆ స్త్రీలని చూస్తే నాకు సంతోషం. చోటు గెలుచుకున్నవాళ్ళకి చోటు పంచుకునే బాధ్యత కూడా వస్తుంది. విల్డ్ విషయంలో నిబంధన అదే మాట చెప్పింది, స్త్రీ అని తగ్గించలేదు, హెచ్చించలేదు. సమానత్వంలో ఈ ముక్క కూడా ఉంది.

సమానం కాని ముక్క వేరే చోట ఉంది. 2020కి ముందు అత్యున్నత స్థాయి మహిళా జట్లలో సైతం యూసీఐ నిర్ణయించిన కనీస వేతనమనేదే లేదు. ఆ సంవత్సరం ఏడాదికి పదిహేను వేల యూరోలతో మొదలైంది. ఒకే గీత, ఒకే నిబంధన, ఒకే బారికేడ్లు. దెబ్బ తగిలాక తొమ్మిది నెలలు ఇంట్లో కూర్చోగలిగే స్తోమత మాత్రం వేరు వేరు. శిక్ష గురించి మాట్లాడేటప్పుడు ఈ తేడా లెక్కలోకి రాదు.

దీంతో బారికేడ్ల దగ్గరికి రావాలి. కటోవిట్సెలో ఆ పల్లపు రోడ్డుని ముగింపుకి ఎంచుకున్నది గ్రూనెవేగన్ కాదు. ఆ ముగింపు ప్రమాదకరమని అంతకుముందే విమర్శలున్నాయి. బారికేడ్లని బిగించింది అతను కాదు. ఒక మనిషి గీత తప్పితే ఇంకొక మనిషి ముఖం పోయేలా ఆ రోడ్డు తయారై ఉంది. ఐరిస్ యంగ్ చనిపోయాక 2011లో వచ్చిన ఆవిడ చివరి పుస్తకం బాధ్యత గురించే. దోషిని వేరుచేసి చూపించే పద్ధతి ఒకటి, ఒక అన్యాయాన్ని తయారుచేసే ఏర్పాట్లలో చెయ్యున్న వాళ్ళందరూ ముందుముందు దాన్ని మార్చే పూచీ పంచుకోవడం ఇంకొకటి అని ఆవిడ విడదీశారు. మొదటిది అక్కర్లేదని ఆవిడ అనలేదు, అదొక్కటే చాలదన్నారు. కటోవిట్సె తర్వాత ఏళ్ళలో యూసీఐ బారికేడ్ల గురించి, ముగింపు రోడ్ల గురించి కొత్త నియమాలు తెచ్చింది. 2023లో భద్రత కోసం ప్రత్యేక విభాగం పెట్టింది. కానీ ఆ రోజుకి సంబంధించి నిషేధం పడింది గ్రూనెవేగన్ ఒక్కడి మీదే. దోషి దొరికాక రోడ్డుని అడిగేవాళ్ళు తగ్గిపోతారు.

2025 జనవరి నుంచి పసుపు కార్డులు వచ్చాయి. ప్రమాదకరంగా ప్రవర్తిస్తే, ఎవరూ పడకపోయినా, కార్డు నమోదవుతుంది. ఒకే పందెంలో రెండు వస్తే అనర్హత, ఏడు రోజుల నిషేధం. ముప్ఫై రోజుల్లో మూడు వస్తే పద్నాలుగు రోజులు, ఏడాదిలో ఆరు వస్తే ముప్ఫై రోజులు. జట్టు కార్లు నడిపేవాళ్ళకి, మోటార్ సైకిళ్ళవాళ్ళకి కూడా ఇవి వర్తిస్తాయి. చూడటానికి ఆఫీసు లెక్కలా ఉన్నా, ఇందులో ఒక నైతిక మలుపు ఉంది. నెత్తురు కోసం ఆగకుండా పనిని పనిగా చూడటం. చిన్న తప్పుని చిన్న తప్పుగానే రాసిపెట్టి, పేరుకుంటే అడగడం. కమిటీ గదిలో నేను కోరుకున్నది కూడా దాదాపు ఇలాంటిదే. అతన్ని రాక్షసుణ్ణి చేయకుండా, ఏమీ జరగలేదని కొట్టిపారేయకుండా, చేసినదాన్ని చేసినంతగా రాసిపెట్టే కాగితం.

అయితే గ్రూనెవేగన్‌కి పడిన తొమ్మిది నెలలు అన్యాయమా? నేనలా అనుకోను. గీత తప్పి ఇంకొకరి ప్రాణం మీదికి తేవడం అంత బరువైన తప్పే. అన్యాయం ఎక్కడుందంటే, అదే తప్పు చేసి అదృష్టవంతులైన వాళ్ళని అంతకుముందు ఏళ్ళ తరబడి నవ్వుతూ వదిలేయడంలో. ఎవరో ఒకరు చావు దాకా వెళ్ళేవరకు ఆగి, ఆ రోజు దొరికినవాడి మీద అందరి లెక్కా కట్టడంలో. ఆ లెక్కలో పుట్టని బిడ్డని కూడా కలిపారు కొందరు. బాధితుడి పేరు మీద జరిగే ఆ ఊరేగింపులో బాధితుడికి ఒరిగేదేమీ లేదు.

యాకబ్సన్‌కి రావలసింది వేరే ఉంది. 2021లో ఇద్దరూ కలిసి మాట్లాడుకున్నారు. గ్రూనెవేగన్ అంతకుముందు బహిరంగంగా విచారం వ్యక్తం చేశాడు. ఆ ముఖాముఖిలో మాత్రం వ్యక్తిగతమైన క్షమాపణా, బాధ్యత తీసుకునే సూచనా తనకి కనిపించలేదని యాకబ్సన్ తర్వాత అన్నాడు. అప్పుడు న్యాయవాదులు, పరిహారాలు నడుస్తున్నాయి. ఇలాంటి సమయంలో ఎవరి నోటా "నేను చేశాను" అనే మాట రాదు, రాకూడదని సలహా ఇచ్చేవాళ్ళుంటారు. శిక్ష సమాఖ్యకి చెల్లించేది. నిషేధం పూర్తయితే ఆ ఖాతా మూసుకుంటుంది. గాయపడ్డ మనిషికి ఉన్న బాకీ వేరు, దాన్ని ఏ నిబంధనా వసూలు చేయలేదు. విలియమ్స్ చెప్పిన లారీ డ్రైవరు బాధ ఇక్కడ పనికొస్తుంది. అది లోపల దాచుకునే బాధ మాత్రమే అయితే దానివల్ల అవతలివాడికి ఏమీ లేదు. ఎదురుగా కూర్చుని, ఉద్దేశం సంగతి పక్కనపెట్టి, నా చక్రం నీ దారిలోకి వచ్చింది అని చెప్పగలగాలి. కమిటీకి వచ్చిన అమ్మాయిల్లో ఎక్కువమంది అడిగింది కూడా అతని ఉద్యోగం కాదు, ఈ ఒక్క వాక్యం. దాన్ని ఇప్పించే అధికారం మాకు లేదు.

యాకబ్సన్ తిరిగొచ్చాడు. 2022 టూర్ డి ఫ్రాన్స్ మొదటి రోజులు డెన్మార్క్‌లో జరిగాయి. జూలై 2న న్యూబోర్‌లో యాకబ్సన్ గెలిచాడు. మర్నాడు సోన్నర్‌బోర్‌లో గ్రూనెవేగన్ గెలిచాడు. కథ రాసేవాళ్ళెవరూ వదులుకోలేని ముగింపు. నాకు మాత్రం ఆ రెండు రోజులకంటే ఎవరూ గుర్తుపెట్టుకోని ఇంకో రోజు ఎక్కువ విలువైనది. 2024 జూలై 4న దిజోన్‌లో గ్రూనెవేగన్ వెంట్రుకవాసిలో గెలిచాడు. రెండో స్థానంలో వచ్చిన యాస్పర్ ఫిలిప్సెన్, వౌట్ వాన్ ఆర్ట్‌ని బారికేడ్లవైపు నొక్కుతూ గీత తప్పాడని తేల్చి, అతన్ని కిందికి దించి పాయింట్లు తీసేశారు. వాన్ ఆర్ట్ పడలేదు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఏమీ జరగలేదు. అయినా ఎవరో ఒకరు ఆ వీడియోని కూర్చుని చూసి, జరిగిందని రాశారు.